రిచ్‌ల్యాండ్‌లో ఉద్యోగం, పక్కనే హ్యాన్‌ఫర్డ్. తమ్ముణ్ణి పంపొచ్చా? 80 ఏళ్ళయినా అది ఎందుకు శుభ్రం కాలేదు?

మీరు అడిగినవి రెండు. మీ తమ్ముడికి వాషింగ్టన్ రాష్ట్రంలో, రిచ్‌ల్యాండ్‌లోని జాతీయ ప్రయోగశాలలో పోస్ట్‌డాక్ వచ్చింది. మరదలికి ఐదో నెల. పక్కనే నాగసాకి బాంబుకు ప్లుటోనియం తయారుచేసిన హ్యాన్‌ఫర్డ్ ఉందని యూట్యూబ్‌లో చూసి మీ అమ్మగారు అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. పంపొచ్చా అన్నది మొదటి ప్రశ్న. అంత డబ్బున్న ప్రభుత్వం ఇన్నేళ్ళలో దాన్ని ఎందుకు శుభ్రం చేయలేకపోయిందన్నది రెండోది.

మొదటిదానికి: పంపండి. ఊళ్ళో కాపురం పెట్టడానికి భయం లేదు. నేనిక్కడికి వచ్చి 19 ఏళ్ళయింది. మా పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు, ఈ నీళ్ళే తాగి పెరిగారు. రెండోదానికి: హ్యాన్‌ఫర్డ్ ఇంకా శుభ్రం కాలేదు. మీరనుకునే అర్థంలో ఎప్పటికీ కాదు కూడా. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్పాలంటే కొంచెం పొడుగ్గానే రాయాలి, ఓపిక పట్టండి.

నేను మొదట భూగర్భజలాల శుద్ధిలో చేశాను, తర్వాత ట్యాంకుల వైపు మారాను. ఏ కంపెనీ అని అడక్కండి. ఇక్కడ కాంట్రాక్టు చేతులు మారినప్పుడల్లా అదే కుర్చీలో కూర్చుని కొత్త బ్యాడ్జీ తగిలించుకుంటాం.

ముందు దూరాల సంగతి. సైట్ 1943లో మొదలైనప్పుడు సుమారు 1,500 చదరపు కిలోమీటర్లు. 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్ఎంసీలు రెండు పట్టి ఇంకా చోటు మిగులుతుంది. అసలు ప్రమాదకరమైన సరుకులో ఎక్కువ భాగం మధ్యలో ఉన్న మిట్ట మీద, ఊరికి 35, 40 కిలోమీటర్ల అవతల ఉంది. ఏడాది మొత్తం మీద పడే వాన 180 మిల్లీమీటర్ల లోపే, అంటే మన అనంతపురం వానలో మూడో వంతు. ఆ మిట్ట కింద నీటిమట్టం 200 అడుగులు దాటితే గానీ తగలదు. యుద్ధకాలంలో ఈ ఎడారిని ఎంచుకున్న కారణాలు వేరే అయినా, వాన తక్కువై సరుకు కిందికి త్వరగా దిగదు కాబట్టి ఈ ఎండే ఇప్పుడు మమ్మల్ని కాస్త కాపాడుతోంది.

ఇక "శుభ్రం" అనే మాట. ఇల్లు శుభ్రం చేయడమంటే ఊడ్చి, కడిగి, చెత్తను వీధి చివర పారేసి రావడం. మురుగునీటినైతే సూక్ష్మజీవులు తిని తేటపరుస్తాయి. రేడియోధార్మిక పదార్థాన్ని కాల్చినా, యాసిడ్‌లో వేసినా, ఏ సూక్ష్మజీవికి పెట్టినా దాని గుణం పోదు. అది తన లెక్క ప్రకారం తానే తగ్గాలి. సీజియం, స్ట్రాన్షియం అయితే ముప్ఫై ఏళ్ళకు సగం అవుతాయి, కాబట్టి 1945 నాటివి ఇప్పుడు ఆరో వంతు దాకా తగ్గాయి. ప్లుటోనియం-239 సగం కావడానికి 24,000 ఏళ్ళు. టెక్నీషియం-99కి రెండు లక్షల ఏళ్ళ పైమాటే. మేం చేసేదల్లా దాన్ని ప్రమాదకరమైన చోటు నుంచి తీసి, కదలని రూపంలోకి మార్చి, తక్కువ ప్రమాదమున్న చోట పెట్టి కాపలా కాయడం. ప్రభుత్వ కాగితాల్లో "క్లీనప్" అంటే అర్థం ఇదే.

"సగం కావడం" అంటే ఏమిటో నాకు మొదటి చలికాలంలోనే తెలిసింది. కంట్రోల్డ్ ఏరియా నుంచి బయటికి వచ్చేటప్పుడు ఒంటి మీద ప్రోబ్ తిప్పుతారు, దాన్ని ఫ్రిస్కింగ్ అంటాం. సబ్బుబిళ్ళంత వెడల్పున్న ఆ ప్రోబ్‌ను బట్టకు తగలకుండా, అరంగుళం దూరంలో, నత్తనడకన నడిపించాలి. నా పాలిస్టర్ జాకెట్ భుజం మీదికి రాగానే టకటకా మోగడం మొదలైంది. నాకు ముచ్చెమటలు పట్టాయి. టెక్నీషియన్ మాత్రం నవ్వి, జాకెట్ విప్పించి కొక్కేనికి తగిలించి, "కాఫీ తాగి రా" అన్నాడు. ముప్పావు గంట తర్వాత మళ్ళీ చూస్తే మోత సగానికి పైగా తగ్గింది, మధ్యాహ్నానికి ఏమీ లేదు. అది హ్యాన్‌ఫర్డ్ సరుకు కాదు. నేలలోంచి సహజంగా వచ్చే రేడాన్ వాయువు తాలూకు కణాలు గాలి కదలని చలి ఉదయాల్లో పాలిస్టర్‌కు అంటుకుంటాయి. వాటి అర్ధాయువు, అంటే సగమయ్యే సమయం, అరగంట లోపే. అదే చోట ప్లుటోనియం ఉండి ఉంటే, నేను ఎన్ని కాఫీలు తాగొచ్చినా ఆ జాకెట్ అలాగే మోగుతూ ఉండేది.

అసలు చిక్కు ట్యాంకుల్లో ఉంది. భూమిలో పాతిన 177 ట్యాంకులు, వాటిలో దాదాపు 5.6 కోట్ల గ్యాలన్ల వ్యర్థం, అంటే 21 కోట్ల లీటర్లు. 149 ట్యాంకులకు ఉక్కు గోడ ఒక్కటే, 28 ట్యాంకులకు రెండు. పాతవాటిలో 67 ఎప్పుడో ఒకప్పుడు కారినట్టు లెక్క వేశారు. సుమారు పది లక్షల గ్యాలన్లు మట్టిలో కలిసింది. రెండు గోడలున్న వాటిలోనూ ఒకదానికి లోపలి గోడ కారుతున్నట్టు 2012లో బయటపడింది. మేం వీటిని "ట్యాంక్ ఫార్మ్‌లు" అంటాం. పొలమన్న పేరే గానీ కంటికి కనిపించేది కంకర పరిచిన మైదానం, అందులోంచి పైకి లేచిన గొట్టాలు, అంతే.

ఇంత తంటా ఎందుకొచ్చిందంటే యుద్ధకాలపు పొదుపు వల్ల. ప్లుటోనియం కోసం వాడిన యురేనియం కడ్డీలను నైట్రిక్ యాసిడ్‌లో కరిగించేవారు. మిగిలిన ద్రావణం యాసిడే. దాన్ని తట్టుకోవాలంటే స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు కావాలి. యుద్ధంలో ఆ స్టీలుకు కరువు, పైగా తొందర. అందుకని మామూలు కార్బన్ స్టీలుతో కట్టి, అది తుప్పు పట్టకుండా వ్యర్థంలో కాస్టిక్ సోడా పోశారు. ఆ రోజుకు పని గడిచింది. కానీ సోడియం ఉప్పు కొండలా పెరిగింది, లోహాలు అడుగుకు దిగాయి. ఇప్పుడు ట్యాంకు తెరిస్తే పైన తేట, మధ్యలో తడి ఇసుకలాంటి ఉప్పుగడ్డ, అడుగున మడ్డి. ఏ రెండు ట్యాంకుల్లోనూ సరుకు ఒకేలా ఉండదు. నాలుగైదు రకాల ప్రక్రియలు మార్చి మార్చి వాడారు, ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి తోడారు, మధ్యలో విలువైన యురేనియం కోసం మళ్ళీ కెలికారు. ఎసరు ఎవరు పెట్టారో, ఉప్పు ఎవరు వేశారో తెలియని పెళ్ళివారి గాడిపొయ్యి అనుకోండి.

ఈ మడ్డి ఊరికే కూర్చోదు. 101-ఎస్‌వై అనే ట్యాంకులో అడుగున హైడ్రోజన్ పోగై, కొన్ని నెలలకోసారి ఒక్కసారిగా పైకి తన్నేది. ఇక్కడివాళ్ళు దాన్ని త్రేన్చే ట్యాంకు అనేవారు. నిప్పురవ్వ తగిలితే ఏమవుతుందోనని ఏళ్ళ తరబడి టెన్షన్. 1993లో లోపలికి పెద్ద మిక్సర్ పంపు దించి, కలుపుతూ ఉంటే గానీ దారికి రాలేదు. ఇలాంటి ట్యాంకును ఖాళీ చేయడమంటే, మనిషి లోపలికి దిగడానికి వీల్లేకుండా, పైనున్న సన్నటి గొట్టాల్లోంచి పనిముట్లు దించి, నీటిధారతో కొట్టి, బురదను పీల్చి బయటికి తీయాలి. ఎక్కువ నీళ్ళు కొడితే పాత గోడ కారుతుంది, తక్కువ కొడితే గడ్డ కదలదు. ఒక్క సి-ఫార్మ్‌లోని 16 ట్యాంకుల వ్యర్థం తోడడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది.

తీశాక ఏం చేయాలి? గాజు చేయాలి. చాలామంది గాజు సీసాలో పోసి మూత పెడతారనుకుంటారు. అది కాదు. వ్యర్థాన్ని గాజు పొడులతో కలిపి 1,150 డిగ్రీల దగ్గర కరిగిస్తారు, అది గాజు అణువుల అల్లికలోనే ఇమిడిపోతుంది. మీ చేతి గాజుల్లో రంగు ఎలా ఉందో అలాగన్నమాట: ఎన్ని గిన్నెలు తోమినా ఆ రంగు నీళ్ళలో దిగదు కదా. మన దేశంలోనూ తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో ఈ పని చేస్తారు. ఇక్కడి ప్లాంటు కట్టడం 2002లో మొదలైంది. డిజైన్ పూర్తికాకుండానే కాంక్రీటు పోశారు. తర్వాత గొట్టాల్లో హైడ్రోజన్ పోగవుతుందా, మడ్డి సరిగ్గా కలుస్తుందా అన్న ప్రశ్నలు లేచి 2012లో కీలకమైన భాగాల పని ఆగింది. చివరికి పైతేటలోంచి సీజియం వడకట్టి, మిగిలినదాన్ని నేరుగా గాజు చేసే అడ్డదారి వేశారు. ఆ గాజు 2025 అక్టోబరులో మొదలైంది. ఆ రోజు మా ఆఫీసులో కేకు కోశారు. నాతో పనిచేసిన ఒక పెద్దాయన రిటైరై, చనిపోయి కూడా నాలుగేళ్ళయింది. ఆయన ఉద్యోగమంతా ఆ ప్లాంటు మీదే. ఇప్పుడు గాజవుతున్నది తక్కువ తీవ్రత ఉన్న భాగం మాత్రమే. మడ్డిని గాజు చేసే ప్లాంటు ఇంకా కట్టడంలోనే ఉంది.

ఆలస్యానికి ఇంకో కారణం ఎక్కడ ఏం పాతారో సరిగ్గా రాసిపెట్టకపోవడం. 2004లో పాత గోతులు తవ్వుతుంటే ఒక ఇనప్పెట్టె బయటపడింది. అందులో గాజు కూజా, కూజాలో తెల్లటి ద్రవం. పరీక్షిస్తే ప్లుటోనియం, అదీ 1944 నాటిది, ప్రపంచంలో ఇంకా మిగిలి ఉన్న వాటిలో చాలా పాతది. ఎవరో ఎప్పుడో పెట్టెతో సహా గోతిలోకి తోసేశారు. నా అనుభవంలోనే, కాగితం మీద "ఖాళీ డ్రమ్ములు" అని ఉన్న చోట తవ్వితే డ్రమ్ములు ఖాళీగా లేవు. వారంలో అవుతుందనుకున్న పని నాలుగు నెలలు పట్టింది. బయట మాత్రం "ఈ ఇంజనీర్లు సోమరులు" అని పేపర్లో ఉత్తరాలు.

నిజానికి పని అయిన చోట్లూ ఉన్నాయి, వాటి గురించి యూట్యూబ్‌లో ఎవరూ చెప్పరు. నేను మొదట చేసిన పని నది ఒడ్డున పాత రియాక్టర్ల దగ్గర. రియాక్టర్‌ను చల్లార్చే నీళ్ళ గొట్టాలు తుప్పు పట్టకుండా సోడియం డైక్రోమేట్ కలిపేవారు. అది కారి మట్టిలోకి, అక్కడి నుంచి కొలంబియా నదిలోకి. అక్కడ సాల్మన్ చేపలు గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడతాయి. మనిషి తాగే నీటిలో చెల్లే క్రోమియం మోతాదు చేపపిల్లకు చెల్లదు, అందుకే మా లక్ష్యం లీటరుకు పది మైక్రోగ్రాములు. ఒక చోట పసుపుపచ్చ మట్టి కనిపించింది, దాని వెంట తవ్వుకుంటూ పోతే 85 అడుగుల కింద నీళ్ళు తగిలేదాకా ఆగలేదు. గోతి అంచున నిలబడి చూస్తే కింద లారీలు అగ్గిపెట్టెల్లా కనిపించేవి. నీళ్ళను బావుల్లోంచి తోడి, రెజిన్ గుండా పంపి, క్రోమియం పట్టుకుని, తిరిగి భూమిలోకి వదులుతాం. ఇప్పుడు ఆ ఒడ్డున చాలా భాగంలో క్రోమియం బాగా తగ్గింది. తొమ్మిది రియాక్టర్లలో ఎక్కువ వాటికి ఉక్కు తొడుగు వేసి, లోపలి రేడియోధార్మికత తగ్గేదాకా 75 ఏళ్ళు అలాగే వదిలేశారు. మొట్టమొదటిదైన బి-రియాక్టర్ మ్యూజియం అయింది.

కామెంట్లలో ఒకరు "కొలరాడోలో పదేళ్ళలో చేశారుగా" అన్నారు. రాకీ ఫ్లాట్స్ సంగతి. అక్కడ బాంబుల ప్లుటోనియం భాగాలు చేసేవారు, 1989లో ఎఫ్‌బీఐ దాడి చేసింది. మొదట 65 ఏళ్ళు, 3,700 కోట్ల డాలర్లు అన్నారు. 2005లో సుమారు 700 కోట్లకే పూర్తయిందని ప్రకటించారు, ఇప్పుడు చుట్టూ వన్యప్రాణి అభయారణ్యం. కానీ ఏం చేశారో చూడండి: పై మూడడుగుల మట్టికి ఒక ప్రమాణం, లోతుకు సడలించిన ప్రమాణం, పునాదులు కొన్ని నేలలోనే వదిలేశారు, మధ్య భాగంలోకి ఇప్పటికీ జనాన్ని రానివ్వరు. సరుకు మాత్రం లారీలెక్కి వేరే రాష్ట్రాలకు పోయింది. నేను దాన్ని తప్పుపట్టను. లక్షలమంది ఉన్న డెన్వర్ పక్కన ఉంచడం కంటే అదే మేలు. ఒహాయోలోని ఫెర్నాల్డ్ అనే పాత యురేనియం ఫ్యాక్టరీ కూడా అంతే. 2006లో పూర్తయింది, ఇప్పుడు పక్షులు చూడటానికి వెళ్తారు, నేనూ వెళ్ళాను. బాతులున్న చెరువు పక్కన గడ్డి పెరిగిన పొడవాటి గుట్ట ఉంటుంది. ఆ గుట్ట లోపల ఉన్నది ఫ్యాక్టరీయే. కింద నీళ్ళను ఇంకా తోడి శుద్ధి చేస్తూనే ఉన్నారు. వాటికి మా దగ్గరున్నంత ట్యాంకుల మడ్డి లేదు, తేడా అక్కడే ఉంది.

లారీలెక్కించి పంపడం కూడా అంత తేలిక కాదు. ప్లుటోనియం అంటిన చెత్తను న్యూమెక్సికోలో 2,150 అడుగుల లోతున ఉప్పు పొరల్లో పాతుతారు. 2014 ఫిబ్రవరిలో అక్కడ ఒక డ్రమ్ము వేడెక్కి పగిలింది. కారణం పిల్లులు విసర్జనకు వాడే ఇసుక! డ్రమ్ముల్లో తడి పీల్చడానికి మట్టితో చేసిన రకం వేయాల్సింది, గోధుమతో చేసిన సేంద్రియ రకం వేశారు. లోపలున్న నైట్రేట్ ఉప్పు, గోధుమ కలిస్తే వాటంతటవే వేడెక్కుతాయి, ఇక చెప్పేదేముంది. దాదాపు మూడేళ్ళు ఆ గని సరుకు తీసుకోలేదు. దేశమంతా డ్రమ్ములు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

మా దగ్గరా ఉంది అలాంటి రోజు. 2017 మే 9 ఉదయం "టేక్ కవర్" ప్రకటన వచ్చింది. కిటికీలు బిగించారు, ఏసీ ఆపేశారు, ఏదీ తినొద్దు, తాగొద్దు అన్నారు. నా టేబుల్ మీద డబ్బాలో పులిహోర, దానివైపు చూస్తూ కొన్ని గంటలు కూర్చున్నాను. 1956లో కలప దూలాలతో కట్టిన ఒక సొరంగం కప్పు 20 అడుగుల మేర కూలింది. కలుషితమైన సామాను ఎక్కించిన పాత రైలు పెట్టెలు ఎనిమిదింటిని అందులోకి తోసి మరిచిపోయారు. అదృష్టం కొద్దీ బయటికి ఏమీ రాలేదు. మట్టి పోసి, ఆ ఏడాదే కాంక్రీటు లాంటి గ్రౌట్‌తో నింపేశారు. ఇంట్లో అమ్మకు మాత్రం ఆ సంగతి రెండేళ్ళ తర్వాత చెప్పాను.

డబ్బు సంగతి ఒక్క మాట. మిగిలిన పనికి 32,300 కోట్ల డాలర్ల నుంచి 67,700 కోట్ల డాలర్ల దాకా అవుతుందని 2019లో అమెరికా ఇంధన శాఖే అంచనా వేసింది. ఇచ్చేది పన్ను కట్టేవాళ్ళే. 1989లో రాష్ట్రం, పర్యావరణ సంస్థ, ఇంధన శాఖ కలిసి సంతకాలు చేసిన ఒప్పందంలోని గడువుల్ని ఎన్నిసార్లు జరిపారో లెక్కలేదు. నన్నడిగితే, రాష్ట్రం కోర్టుకెళ్ళి వెంటపడకపోతే ఈ మాత్రం గాజు కూడా వచ్చేది కాదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వస్తాను.

మరదలి గురించి. మీ అమ్మగారు చూసిన వీడియోలో పిల్లలకు థైరాయిడ్ జబ్బుల ప్రస్తావన ఉండే ఉంటుంది. అది కల్పన కాదు. 1940లు, 50లలో ఇక్కడి చిమ్నీల నుంచి అయోడిన్-131 బాగా వెలువడింది. 1949 డిసెంబరులో కావాలనే వదిలారు కూడా. గడ్డి మీద పడి, ఆవుపాలలోకి వచ్చి, పిల్లల గొంతులోకి చేరింది. 1986లో పాత పత్రాలు విడుదల చేసేదాకా జనానికి చెప్పలేదు. ఆ పాపం ప్రభుత్వానిదే. కానీ అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది, ఆ కార్ఖానాలు మూతపడి దశాబ్దాలైంది. ఈనాటి గర్భిణికి దానివల్ల ప్రమాదం లేదు.

నీళ్ళు కొలంబియా నది నుంచే వస్తాయి, అదీ హ్యాన్‌ఫర్డ్‌కు దిగువన. దాచను. ఆ నది సెకనుకు 30 లక్షల లీటర్లకు పైగా పారుతుంది, ఒడ్డున బావులు, నదిలో నమూనాలు ఎప్పుడూ తీస్తూనే ఉంటారు. తాగేనీరు ప్రమాణాలకు లోబడే ఉంది.

తమ్ముడి గురించి. ప్రయోగశాల ఊరికి ఉత్తరపు అంచున ఉంది, సైట్ మధ్యలో కాదు. తను రేడియోధార్మిక నమూనాలు ముట్టుకునే పనా కాదా అని మేనేజర్‌ను నేరుగా అడగమనండి. అలాంటి పనే అయితే ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే డోసిమీటర్ ఇస్తారు, శిక్షణ ఇస్తారు. మరదలు కూడా ఎప్పుడైనా అలాంటి ఉద్యోగంలో చేరితే గర్భం సంగతి రాతపూర్వకంగా చెబితే డోసు పరిమితి బాగా తగ్గిస్తారు. నా డోసిమీటర్‌లో చాలా ఏళ్ళు సున్నాయే వచ్చింది. ట్యాంకుల మీద పనిచేసేవాళ్ళకు నిజంగా భయపడాల్సింది రేడియేషన్ కంటే ట్యాంకుల ఆవిర్లు, అమోనియా, నైట్రోసమీన్లు. పాత భవనాల్లో బెరీలియం దుమ్ము కూడా. పోస్ట్‌డాక్ కుర్రాడికి అక్కడికి పోయే పని సాధారణంగా ఉండదు. ఎప్పుడైనా పడితే గాలి మాస్కు లేకుండా అడుగు పెట్టొద్దని చెప్పండి, ఎవరు తొందరపెట్టినా సరే.

ఊరు మంచిదే. ద్రాక్షతోటలు, ఆపిల్ తోటలు, ఎండాకాలం మన దగ్గర లాగే మాడిపోతుంది. హైస్కూలు జట్టు పేరు "బాంబర్స్", వాళ్ళ గుర్తు పుట్టగొడుగు మేఘం. మొదటిసారి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మా అమ్మాయి అదే టీషర్టుతో ఫోటో పంపితే మా నాన్న రెండు రోజులు ఫోనెత్తలేదు.

అమ్మగారికి నా మాట చెప్పడం కంటే ఒక పని చేయండి. నగరపాలక సంస్థ ఏటా తాగేనీటి నాణ్యత రిపోర్టు ప్రజలకు ఇస్తుంది. తమ్ముడు వెళ్ళాక అది తీసుకుని, వీడియో కాల్‌లో రేడియోధార్మిక పదార్థాల వరుస తెలుగులో చదివి వినిపించమనండి. ఒక నిలువు వరుసలో చట్టం ఒప్పుకునే పరిమితి, ఇంకో వరుసలో వచ్చిన అంకె ఉంటాయి. చలికాలానికి మాత్రం పాలిస్టర్ జాకెట్ కాకుండా నూలుదో ఉన్నిదో సర్దండి.